పాచికల బల్ల దగ్గర పుట్టిన నవలలు

నవలా చరిత్ర అనగానే మీకు సాంఘిక నవల, చారిత్రక నవల, మనోవైజ్ఞానిక నవల వంటి విభాగాలు గుర్తుకు వస్తాయి. పరీక్షల్లో అడిగేవి కూడా ఇవే. ఈ ప్రసంగంలో మీ పాఠ్యప్రణాళికలో ఎక్కడా కనిపించని ఒక విభాగం గురించి మాట్లాడుకుందాం. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే కొన్ని ఆటలకు తమవైన ఊహాలోకాలు ఉన్నాయి. ఆ లోకాల్లో నడిచే అద్భుత నవలలే మన విషయం. గడచిన యాభై ఏళ్లలో అమెరికా, బ్రిటన్, జపాన్ దేశాల్లో ఇటువంటివి వందల సంఖ్యలో వచ్చాయి. వాటిలో చాలాభాగం సాధారణమైన పుస్తకాలే. ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది. అయినా వాటిని చదవవలసిన అవసరం ఎందుకు కలిగిందంటే, సాహిత్య విద్యార్థి తప్పించుకోలేని కొన్ని ప్రశ్నలను ఇవి బహిరంగంగా ముందుకు తెచ్చాయి. నియమాలకు కట్టుబడి కథ రాయడం సాధ్యమేనా? పదిమంది కలిసి ఊహించిన లోకానికి కర్త ఎవరు? దానికి యజమాని ఎవరు? ఒక జాతి నమ్మకాలను మరొక జాతి ఆటవస్తువుగా మార్చినప్పుడు ఏం జరుగుతుంది?

ముందుగా ఆట సంగతి తెలుసుకోవాలి. మీరు చదరంగం ఆడి ఉంటారు, వైకుంఠపాళి ఆడి ఉంటారు. వైకుంఠపాళిలో పాపపుణ్యాల కథ ఉన్నా, దాన్ని ఆడేవాడు పావును కదుపుతాడే తప్ప పావు నోట మాట పలికించడు. మనం చెప్పుకోబోయే ఆటలో పావు మాట్లాడుతుంది. నలుగురైదుగురు స్నేహితులు కూర్చుంటారు. వారిలో ఒకరు కథ నడిపే సూత్రధారి, న్యాయనిర్ణేత కూడా ఆయనే. మిగిలినవారు తలా ఒక పాత్ర. ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె, మరొకడు దొంగ. ప్రతి పాత్రకూ ఒక కాగితం ఉంటుంది. అందులో బలం ఎంత, తెలివి ఎంత, ప్రాణబలం ఎంత అని అంకెలు వేసి ఉంటాయి. మీకు తేలికగా అర్థం కావాలంటే ఇలా అనుకోండి. హరికథ చెబుతున్న దాసుగారు సముద్రపు ఒడ్డున కథ ఆపి, సభలో ఉన్న మిమ్మల్ని చూసి, ఇప్పుడు హనుమంతుడు ఏం చేస్తాడో నువ్వే చెప్పు అన్నాడనుకోండి. మీరు, దూకుతాడు అన్నారు. అప్పుడు దాసుగారు మీ చేతిలో 20 ముఖాల పాచిక పెట్టి, వెయ్యి చూద్దాం అంటాడు. పాచిక పెద్ద అంకె చూపిస్తే లంక చేరతారు. చిన్న అంకె చూపిస్తే నీళ్లలో పడతారు. కథ అక్కడి నుంచి ఎటు పోతుందో దాసుగారికి కూడా తెలియదు.

ఈ ఆట మూలాలు సైనిక శిక్షణలో ఉన్నాయి. ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు యుద్ధాన్ని బల్లమీద అభ్యసించే పద్ధతిని తయారుచేశారు. 1824లో కొడుకు దాన్ని మెరుగుపరచి సైన్యానికి అందించాడు. పటం మీద దళాలు, పాచికలు, వివాదం వస్తే తీర్పు చెప్పే మధ్యవర్తి, ఈ మూడూ అందులోనే ఉన్నాయి. 1913లో సుప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకంగా ప్రచురించాడు. అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో 1960ల నాటికి ఇటువంటి ఆటల సంఘాలు చాలా ఏర్పడ్డాయి. 1969లో మినెసోటాకు చెందిన డేవిడ్ వెస్లీ, ఆటగాళ్లకు దళాలు కాకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషి పాత్ర ఇచ్చి ఆడించాడు. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని తీసుకుని బ్లాక్‌మూర్ అనే ఊహాలోకాన్ని నడిపాడు. విస్కాన్సిన్‌లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్‌తో కలిసి 1971లో మధ్యయుగ యుద్ధాల ఆట ఒకటి ప్రచురించాడు. దాని చివర రాక్షసులకు, మంత్రగాళ్లకు కూడా నియమాలు చేర్చాడు. ఆర్నెసన్, గైగాక్స్ ఇద్దరి కృషి కలిసి 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అయింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. ప్రచురించిన సంస్థ పేరు టీఎస్ఆర్.

ఈ ఆట శూన్యంలోంచి రాలేదు. 1979లో వచ్చిన సూత్రధారి గ్రంథం చివర గైగాక్స్ తనకు స్ఫూర్తినిచ్చిన పుస్తకాల జాబితా ఇచ్చాడు. అందులో రాబర్ట్ ఇ. హోవార్డ్, ఫ్రిట్జ్ లైబర్, జాక్ వాన్స్, టోల్కీన్ మొదలైనవారు ఉన్నారు. అప్పు ఎంత గాఢమైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఈ ఆటలో మంత్రగాడు ప్రతి మంత్రాన్నీ ముందుగా కంఠస్థం చేయాలి. ఒకసారి ఉచ్చరించగానే అది అతని జ్ఞాపకంలోంచి చెరిగిపోతుంది. ఇది 1950లో వచ్చిన వాన్స్ కథల సంపుటి నుంచి తీసుకున్న ఊహ. టోల్కీన్ విషయంలో అప్పు కాస్త చేదుగా ముగిసింది. తొలి ముద్రణల్లో టోల్కీన్ సృష్టించిన హాబిట్ల పేరు యథాతథంగా ఉండేది. ఆ హక్కులు గల సంస్థ అభ్యంతరం చెప్పడంతో హాబిట్లు హాఫ్‌లింగ్‌లుగా మారాయి. పేరు పోయింది, పొట్టి మనుషులు మిగిలారు. ఈ చిన్న సంఘటనను గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

పుస్తకాల్లోంచి ఆట వచ్చింది. ఆటలోంచి మళ్లీ పుస్తకం రావడానికి ఎంతోకాలం పట్టలేదు. అప్పటికే అనేక నవలలు రాసి పేరు గడించిన ఆండ్రే నార్టన్ అనే రచయిత్రి, గైగాక్స్ నడిపిన ఆటలో స్వయంగా కూర్చుని ఆడింది. తర్వాత 1978లో క్వాగ్ కీప్ అనే నవల ప్రచురించింది. ఈ ఆట ఆధారంగా వచ్చిన తొలి నవలగా దీన్ని లెక్కిస్తారు. మన లోకపు ఆటగాళ్లు కొందరు ఆ లోకంలోకి లాగబడతారు. వారి ముంజేతులకు కడియాలు ఉంటాయి, కడియాల్లో పాచికలు పొదిగి ఉంటాయి. ప్రమాదం వచ్చినప్పుడు ఆ పాచికలు వాటంతట అవే తిరుగుతాయి. నవలగా ఇది గొప్పదేమీ కాదు. కానీ ఆమె ఎదుర్కొన్న సమస్య చూడండి. ఆటలో జరిగేవాటికి కారణం పాచిక. నవలలో జరిగేవాటికి కారణం మనిషి స్వభావమో, పరిస్థితో, పూర్వం చేసిన పనో అయి ఉండాలి. ఆటలో నాయకుడు మొదటి గుమ్మం దగ్గరే ఒక చెడ్డ పాచికకు చనిపోవచ్చు. అందరూ నవ్వుకుని కొత్త కాగితం తీసుకుంటారు. నవలలో అలా చేస్తే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. నార్టన్ పాచికను దాచకుండా కథలోకే తెచ్చి కడియంలో పెట్టింది. తర్వాతివారు ఆ దారిలో వెళ్లలేదు. వారు పాచికను మాయం చేసి, నియమాన్ని మాత్రం మిగుల్చుకున్నారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

1980ల ఆరంభంలో ట్రేసీ హిక్‌మన్ అనే యువకుడు టీఎస్ఆర్‌లో ఉద్యోగం దొరికి, యూటా నుంచి విస్కాన్సిన్‌కు భార్య లారాతో కలిసి కారులో బయలుదేరాడు. ఆ దూరప్రయాణంలో భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుంటూ డ్రాగన్లు ప్రధానంగా ఉండే ఒక లోకాన్ని ఊహించారు. సంస్థ దాన్ని వరుస ఆట పుస్తకాలుగా తీసుకురావాలని, వాటితోపాటు నవలలు కూడా వేయాలని నిర్ణయించింది. నవలలు రాయడానికి మొదట బయటి రచయిత కోసం చూశారు. అది సంతృప్తికరంగా రాకపోవడంతో, అక్కడే పుస్తక విభాగంలో పనిచేస్తున్న మార్గరెట్ వైస్, హిక్‌మన్ కలిసి తొలి అధ్యాయాలు తామే రాసి చూపించారు. అవకాశం వారికే వచ్చింది. 1984 చివర్లో డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్ వెలువడింది. మరుసటి ఏడాది మిగిలిన రెండు భాగాలూ వచ్చాయి. డ్రాగన్‌లాన్స్ అనే ఈ వరుసకు లక్షలాది పాఠకులు ఏర్పడ్డారు.

ఇందులో రైస్ట్‌లిన్ అనే మంత్రగాడు ఉన్నాడు. అతణ్ణి ఎలా తయారుచేశారో జాగ్రత్తగా గమనించండి. ఆనాటి ఆట నియమాల ప్రకారం యోధుడి ప్రాణబలాన్ని 10 ముఖాల పాచికతో నిర్ణయిస్తారు, మంత్రగాడి ప్రాణబలాన్ని 4 ముఖాల పాచికతో నిర్ణయిస్తారు. మంత్రగాడు కవచం తొడగరాదు. రోజూ పొద్దున్నే పుస్తకం ముందు కూర్చుని మంత్రాలు వల్లెవేయాలి. ఇవన్నీ ఆటలో సమతూకం కోసం పెట్టిన ఏర్పాట్లు. మంత్రగాడు చివరికి అందరికన్నా శక్తిమంతుడవుతాడు గనుక మొదట్లో బలహీనంగా ఉంచారు. వైస్, హిక్‌మన్ ఈ అంకెల్ని మనిషిగా మార్చారు. ప్రాణబలం తక్కువ అంటే ఏమిటి? ఆ కుర్రవాడు దగ్గుతాడు, నెత్తురు కక్కుతాడు. ఎందుకు? విద్య కోసం పరీక్షకు వెళ్లి, శరీరాన్ని మూల్యంగా చెల్లించాడు. కవల సోదరుడు యోధుడు, దృఢకాయుడు, అందరికీ ఇష్టుడు. పక్కన ఉన్నవాడు ఇలా ఉంటే బలహీనుడి మనసులో ఏం పెరుగుతుంది? ప్రేమ, అసూయ, అధికారకాంక్ష. తొలిరోజుల్లో ఈ కథను ఆటగా ఆడి చూస్తున్నప్పుడు, ఆ పాత్ర తీసుకున్న ఆటగాడు గరగరలాడే నీరసపు గొంతుతో మాట్లాడాడట. అది విన్నవారికి పాత్ర దొరికిపోయింది. 4 ముఖాల పాచిక ఒక విషాద నాయకుడైంది. 1986లో వచ్చిన రెండో త్రయం పూర్తిగా ఆ సోదరుల కథే. నా అభిప్రాయంలో ఈ సాహిత్య విభాగం మొత్తంలో నియమాన్ని స్వభావంగా మార్చిన ఉదాహరణల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

అదే పుస్తకంలో రెండో పాఠం కూడా ఉంది. ఆటలో పూజారి పాత్ర చేత్తో తాకి గాయాలు మాన్పుతాడు. ఆటకు అది సౌకర్యం, కథకు అది శాపం. గాయం వెంటనే మానిపోయే చోట భయం ఎక్కడిది? అందుకని ఈ లోకంలో మూడు శతాబ్దాలకు పైగా దేవతలు మానవుల్ని విడిచి వెళ్లిపోయారని, నిజమైన పూజారి ఎవరూ మిగల్లేదని కల్పించారు. ఒక నియమాన్ని తీసివేయడమే కథకు మూలమైంది. దేవతల్ని తిరిగి తెచ్చుకోవడమే పాత్రల అన్వేషణ అయింది.

లోపాలు లేవని కాదు. మొదటి నవల ఆట పుస్తకాన్ని మరీ దగ్గరగా అనుసరించింది. గది తర్వాత గది, పోరాటం తర్వాత పోరాటం. చదువుతుంటే వెనక ఎక్కడో పాచికల చప్పుడు వినిపిస్తుంది. రచయితలు ఆ సంగతి గ్రహించినట్టున్నారు. తర్వాతి భాగాల్లో ఆటలోని కొన్ని పెద్ద ఘట్టాలను పూర్తిగా వదిలేశారు. మొదటి, రెండో భాగాల మధ్య మరుగుజ్జుల భూగర్భ రాజ్యంలో జరిగిన సాహసాన్ని రెండు మూడు మాటల్లో దాటవేశారు. దాని వివరం నవలగా రావడానికి 2006 దాకా పట్టింది. ఏది చెప్పకూడదో తెలియడం ఆట నడిపేవాడికి అవసరం లేదు, ఎందుకంటే ఆటగాళ్లు ప్రతి గదీ చూడాలంటారు. నవలాకారుడికి అది మొదటి విద్య.

ఇక రెండో పెద్ద లోకం. కెనడాలో గ్రంథాలయ ఉద్యోగి ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నతనం నుంచే, అంటే ఆట పుట్టకముందే, తన కథల కోసం ఒక లోకాన్ని అల్లుకుంటూ వచ్చాడు. 1986లో టీఎస్ఆర్ దాన్ని కొనుక్కుంది. 1987లో ఫర్గాటెన్ రెల్మ్స్ పేరుతో ఆటగానూ, నవలగానూ విడుదల చేసింది. అందులో రాసే అవకాశం కోసం ప్రయత్నించిన కొత్త రచయిత ఆర్.ఎ. సాల్వటోర్. అతను తన కథలో మరొకరి నవలలోని ఒక పాత్రను వాడుకోవాలనుకున్నాడు. అది కుదరదని సంపాదకురాలు మేరీ కిర్చాఫ్ ఫోనులో చెప్పి, వెంటనే వేరే పాత్ర కావాలంది. అతను అప్పటికప్పుడు డ్రో జాతి వీరుడు అన్నాడు. పేరు అడిగితే డ్రిజ్ట్ అన్నాడు. 1988లో క్రిస్టల్ షార్డ్ నవలలో పక్కపాత్రగా వచ్చిన డ్రిజ్ట్, 1990 నుంచి తన సొంత నవలలకు నాయకుడై, దశాబ్దాల పాటు కొనసాగాడు.

ఇంతకూ డ్రో అంటే ఎవరు? ఆట పుస్తకాల్లో భూమి లోపల నివసించే నల్లని దేహచ్ఛాయ గల జాతి. నియమాల ప్రకారం ఆ జాతి మొత్తం దుష్టజాతి. ఒక జాతికి జాతినే దుష్టమని కాగితం మీద రాసేస్తే ఆట సులువవుతుంది. ఎవరిని చంపాలో ఆలోచించనక్కరలేదు. సాల్వటోర్ చేసిందల్లా ఆ జాతిలో ఒక సజ్జనుణ్ణి పుట్టించడం. మనకు ఇది కొత్త కాదు. లంకలో విభీషణుడున్నాడు, హిరణ్యకశిపుడి ఇంట ప్రహ్లాదుడున్నాడు. కానీ ఆలోచించండి. ఒక్క మంచివాణ్ణి చూపించడం వల్ల మిగతా జాతి మీద వేసిన ముద్ర తొలగుతుందా, లేక మరింత గట్టిపడుతుందా? నల్లరంగుకూ చెడుకూ ఆట వేసిన ముడి పాఠకులను చాలాకాలంగా ఇబ్బంది పెడుతూనే ఉంది. 2020 జూన్‌లో, ఆటను అప్పటికి ప్రచురిస్తున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ, డ్రోలను, ఆర్క్‌లను ఇకముందు ఇతర జాతుల్లాగే నైతికంగా, సాంస్కృతికంగా వైవిధ్యం ఉన్నవారిగా చూపుతామని ప్రకటించవలసి వచ్చింది.

ఈ ప్రశ్న మన గడప దాకా వస్తుంది. 1977లో వచ్చిన భూతప్రేతాల పుస్తకంలో రాక్షస అనే పేరుతో ఒక జీవి ఉంది. పులితల, ఒంటి మీద ఖరీదైన విలాసపు కోటు, చేతిలో పొగగొట్టం. ఆశీర్వదించిన క్రాస్‌బో బాణం తగిలితే చచ్చిపోతుంది. మన పురాణాల్లో ఈ పులి ఎక్కడిదని మీరు వెతకనక్కరలేదు. 1974లో అమెరికా టెలివిజన్‌లో కోల్చాక్ అనే ధారావాహికలో ఒక భాగం రాక్షసుడి గురించి వచ్చింది. నమ్మకమైన మనిషి రూపంలో దగ్గరికి వచ్చి చంపే రాక్షసుడు, అతణ్ణి మంత్రించిన బాణంతో చంపడం అందులోవే. బంగారు లేడిగా వచ్చిన మారీచుడి కామరూప విద్య ఇలా చుట్టూ తిరిగి ఆట పుస్తకంలో చేరింది. అక్కడి నుంచి ఆ లోకాల్లో రాసే నవలాకారులకు అదే ప్రమాణమైంది. వారికి రావణుడి వేదపాండిత్యంతో పనిలేదు. 1980లో వచ్చిన మరో పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, కాళి మొదలైన దేవతలకు ప్రాణబలం అంకెలు వేసి, ఓడించదగిన ప్రత్యర్థుల్లా పట్టికలో పెట్టారు. గ్రీకు, నార్స్ దేవతలకూ అలాగే చేశారు గనుక ఇది మనమీద ప్రత్యేక ద్వేషం కాదు. కానీ ఎవరూ పూజించని జ్యూస్‌కు అంకె వేయడం, కోట్లాది మంది దీపం పెట్టే దేవతకు అంకె వేయడం ఒకటేనా? తరగతిలో దీన్ని చర్చించండి. కోపం కంటే చర్చ ఎక్కువ ఫలితమిస్తుంది.

దక్షిణాసియాను పుస్తకాల్లోనే కాక ప్రత్యక్షంగా ఎరిగిన ఒక పండితుడు కూడా ఈ చరిత్రలో ఉన్నాడు. అతని కథ అన్నిటికన్నా చిక్కైనది. ఎం.ఎ.ఆర్. బార్కర్ 1929లో పుట్టిన అమెరికన్ భాషాశాస్త్రవేత్త. మినెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయన శాఖలో ఆచార్యుడు. 1967లో ఉర్దూకు, 1969లో బలూచీకి అతను తయారుచేసిన పాఠ్యగ్రంథాలతో విదేశీ విద్యార్థులు ఎందరో ఆ భాషలు నేర్చుకున్నారు. చిన్నప్పటి నుంచి అతను టెకుమెల్ అనే లోకాన్ని, దానికి భాషలను, లిపులను, దేవతలను, వంశావళులను తయారుచేసుకుంటూ వచ్చాడు. 1975లో టీఎస్ఆర్ దాన్ని ఆటగా ప్రచురించింది. ఐరోపా కోటలు, గుర్రాలు, ఎల్ఫ్‌లు అందులో లేవు. భారతదేశం, పశ్చిమాసియా, ఈజిప్టు, మధ్య అమెరికా ప్రాచీన నాగరికతల ఛాయలున్న దొంతరల సమాజం అది. 1984లో వచ్చిన అతని నవల ది మ్యాన్ ఆఫ్ గోల్డ్‌లో నాయకుడు కత్తివీరుడు కాదు, మృతభాషలను చదివే యువ పూజారి. భాషాశాస్త్రవేత్త రాసిన సాహసకథలో సాహసం అంటే ఒక శాసనం అర్థం విప్పడం. చదవడానికి తేలిక కాదు, కానీ నిజమైన నాగరికతలోకి వెళ్లివచ్చిన అనుభూతి కలుగుతుంది. దశాబ్దాలపాటు విమర్శకులు, ఐరోపా మూసలోంచి బయటపడిన ఊహకు టెకుమెల్‌నే ఉదాహరణగా చూపించారు.

బార్కర్ 2012లో మరణించాడు. 2022లో, అతని రచనల బాధ్యత చూసే టెకుమెల్ ఫౌండేషన్ ఒక విషయాన్ని ధృవీకరించింది. 1991లో మారుపేరుతో వెలువడిన ఒక నాజీ అనుకూల నవల రాసింది బార్కరే. తూర్పుదేశాల భాషలను అంత శ్రద్ధగా నేర్చినవాడు, బోధించినవాడు, యూదుల మీద ద్వేషాన్ని నింపిన పుస్తకం రాశాడు. ఇప్పుడు టెకుమెల్‌ను ఏం చేయాలి? రచయితను, రచనను వేరుచేసి చూడాలనే సూత్రం కవితకో, నవలకో కొంతవరకు పనికొస్తుంది. కానీ ఆటలోకం ఒక్కరి రచన కాదు. అతని బల్ల చుట్టూ ఏళ్ల తరబడి కూర్చున్న ఆటగాళ్లు, ఆ లోకంలో తమ కథలు తాము నడిపినవారు కూడా దానికి కర్తలే. వారిలో కొందరు దాన్ని వదిలేశారు, కొందరు కొనసాగించారు. రెండు నిర్ణయాలూ నాకు అర్థమవుతాయి. అయితే ఆ నవల సంగతి దాచి టెకుమెల్ గురించి పాఠం చెప్పడం మాత్రం ఇక కుదరదు.

కర్తృత్వం ఎలా పంచుకోబడుతుందో జపాన్‌లో మరింత స్పష్టంగా కనబడుతుంది. 1986లో కాంప్టిక్ అనే కంప్యూటర్ ఆటల పత్రిక, కొందరు మిత్రులు ఆడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను సంభాషణల రూపంలో, నాటకంలాగా అచ్చువేయడం మొదలుపెట్టింది. ఆట నడిపినవాడు ర్యో మిజునో. పాఠకులకు ఆట నేర్పడమే ఉద్దేశం. కానీ పాఠకులు కథ కోసం చదవసాగారు. 1988లో మిజునో దాన్నే రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్ అనే నవలగా తిరగరాశాడు. 1990లో అది యానిమేషన్ చిత్రమాలిక అయింది. అందులో డీడ్‌లిట్ అనే ఎల్ఫ్ యువతి జపాన్ అద్భుత కథల నాయికలకు మాదిరి అయింది. ఆమెను బల్ల దగ్గర సృష్టించి, ఆమె మాటలు మొదట పలికినవాడు హిరోషి యమమోతో అనే పురుషుడు, స్వయంగా రచయిత. నవల అట్ట మీద మాత్రం మిజునో పేరే ఉంటుంది.

బ్రిటన్‌లో దారి వేరు. 1982లో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ రాసిన ది వార్లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్ అనే పఫిన్ పుస్తకం 400 ఖండికలుగా ఉంటుంది. పాఠకుడు ఒంటరిగా, రెండు పాచికలు, ఒక పెన్సిలు పట్టుకుని ఏ ఖండికకు వెళ్లాలో తానే నిర్ణయించుకుంటాడు. కథంతా మిమ్మల్నే ఉద్దేశించి మధ్యమ పురుషలో సాగుతుంది. వారిద్దరూ వ్యవస్థాపకుల్లో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో వార్‌హామర్ ఆటను, 1989 నుంచి దాని నవలలను తెచ్చింది. పేరున్న రచయితలు కిమ్ న్యూమన్, బ్రయన్ స్టేబుల్‌ఫర్డ్ అందులో మారుపేర్లతో రాశారు. ఇటువంటి రాతకు అసలు పేరు పెట్టుకోవడానికి ఆనాడు కొంత సంకోచం ఉండేదనుకోవచ్చు. న్యూమన్ రాసిన డ్రాకెన్‌ఫెల్స్ మాత్రం ఏ పేరుతోనైనా గౌరవించదగిన నవలే.

ఇప్పుడు యాజమాన్యం విషయానికి వద్దాం. డ్రిజ్ట్‌ను ఊహించింది సాల్వటోర్, కానీ డ్రిజ్ట్ అతనిది కాదు. రైస్ట్‌లిన్ వైస్, హిక్‌మన్‌లది కాదు. అమెరికా చట్టంలో కూలికి చేసిన రచన అనే భావన ఉంది. దాని ప్రకారం హక్కులు మొదటి నుంచీ సంస్థవే. ఆ సంస్థ మునిగినా అంతే. 1990లలో టీఎస్ఆర్ ఒకదాని వెంట ఒకటిగా లోకాలను, నవలలను అచ్చువేసింది. పుస్తకాలు పంపిణీదారుకు చేరగానే డబ్బు వచ్చేది. అమ్ముడుపోనివి తిరిగి వస్తే ఆ డబ్బు వెనక్కి కట్టాలి. 1996లో అవి గుట్టలుగా తిరిగి వచ్చాయి. 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ టీఎస్ఆర్‌ను కొనేసింది. 1999లో హాస్‌బ్రో దాన్ని కొంది. రచయితలు చూస్తుండగానే వారి పాత్రలు చేతులు మారాయి. 2020 అక్టోబరులో వైస్, హిక్‌మన్ కొత్త త్రయం విషయంలో ఒప్పందం ఉల్లంఘించారంటూ విజార్డ్స్ మీద దావా వేశారు. డిసెంబరులో ఉపసంహరించుకున్నారు. 2022లో ఆ త్రయం మొదటి నవల వెలువడింది. తాము పుట్టించిన లోకంలో కథ చెప్పడానికి ముప్పై అయిదేళ్ల తర్వాత న్యాయస్థానం మెట్లెక్కవలసి వచ్చిందన్నమాట. మన మహాభారతాన్ని నన్నయ మొదలుపెట్టగా తిక్కన, ఎర్రన పూర్తిచేసిన దేశంలో ఇది వింతగా తోస్తుంది. కాకపోతే ఆ ముగ్గురికీ రాయల్టీ బెడద లేదు.

వేరే దారి ఎంచుకున్నవారూ ఉన్నారు. పురాతత్వశాస్త్రం చదివిన స్టీవెన్ ఎరిక్సన్, ఇయాన్ ఎస్లమాంట్ అనే ఇద్దరు కెనడా మిత్రులు 1980లలో తమ ఆటకోసం ఒక లోకాన్ని కల్పించుకున్నారు. దాన్ని ఏ సంస్థకూ అమ్మలేదు. 1999లో మొదలైన మలాజన్ నవలలు ఆ లోకానివే, యాజమాన్యం వారిద్దరిదే. ఆట నుంచి పుట్టినా ఆ నవలల్లో నియమాల జాడ కనిపించదు. ఏ పాత్ర ఎప్పుడు చనిపోతుందో ఊహించలేకపోవడంలో మాత్రం పాచిక ఇంకా దొర్లుతున్నట్టే ఉంటుంది.

మన ఉపఖండం వారు ఈ బల్ల దగ్గర ఇప్పుడు పాఠకులుగానే కాక రచయితలుగా కూడా కూర్చుంటున్నారు. 2022లో విజార్డ్స్ సంస్థ ప్రచురించిన జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అనే సాహసాల సంపుటిలో, కోల్‌కతాకు చెందిన రచయిత్రి మిమి మండల్ బెంగాల్ స్ఫూర్తితో శంఖభూమి అనే ప్రాంతాన్ని కల్పించింది. పులితల రాక్షసుడి నుంచి ఇక్కడికి 45 ఏళ్లు పట్టింది. అయినా ఆ శంఖభూమి కూడా చివరికి సంస్థ జాబితాలో ఒక పేరే.

మీలో ఎవరైనా మిత్రులతో ఆడిన ఆటను నవలగా రాయాలనుకుంటే చట్టం సంగతి తెలిసి ఉండాలి. 2023 జనవరిలో, హక్కుల నిబంధనలు మార్చబోయి తీవ్ర వ్యతిరేకత ఎదుర్కొన్న విజార్డ్స్, మౌలిక నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేసింది. మూలాన్ని పేర్కొని ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు. డ్రిజ్ట్ వంటి పాత్రలు, లోకాల కథలు అందులో లేవు. మన దేశంలో 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు, ఊహకు కాపీరైట్ ఉండదని, ఆ ఊహను వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని చెప్పింది. కాబట్టి పాతాళంలో పుట్టి, తనవారి క్రూరత్వం భరించలేక బయటికి వచ్చిన వీరుడి కథ రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పేరు, ఆ ఊరు, ఆ సంఘటనల వరుస మాత్రం పెట్టకూడదు. హాబిట్లు పోయి హాఫ్‌లింగ్‌లు మిగిలింది ఇందుకే. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగిగా, ఉద్యోగ విధిలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని సంస్థే. బయట ఉండి అడిగితే రాసిచ్చిన కథకు, హక్కులు రాసివ్వనంతవరకు, రచయితే యజమాని. 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుంది. ఇక మీ బల్ల చుట్టూ కూర్చుని సగం సంభాషణలు పలికిన ఆ నలుగురు మిత్రుల వాటా ఎంత అనే విషయంలో చట్టం పెద్దగా సాయం చేయదు. దాన్ని మొదటి అధ్యాయం రాయకముందే, అందరూ స్నేహంగా ఉన్నప్పుడే, కాగితం మీద రాసుకోండి.